స్లిప్ టెస్ట్‌లో మూడు మార్కులొచ్చిన మర్నాడు: తరగతిలో పిల్లలకు తేరుకోవడం నేర్పే పద్ధతి

హైదరాబాద్‌లో మూసాపేట వైపు ఒక గల్లీలో ఉన్న చిన్న ప్రైవేటు స్కూల్లో నేను ఐదు నుంచి ఏడో తరగతి దాకా లెక్కలు చెప్తాను. ఆరో తరగతిలో 43 మంది. పై అంతస్తు రేకుల షెడ్డు, వాన గట్టిగా పడితే నా గొంతు రెండో బెంచీ దాటదు. పిల్లల్లో రెసిలియెన్స్ పెంచడం మీద దొరికే సలహాల్లో చాలావరకు పాతికమంది పిల్లలు, ఏసీ గది, ప్రత్యేకంగా ఒక కౌన్సెలర్ ఉన్న స్కూళ్ళకు సరిపోయేవి. ఇక్కడ రాసేది నలభైమందితో, నలభై నిమిషాల పీరియడ్‌లో, సిలబస్ వెనకనుంచి తరుముతుంటే చేయగలిగిన పని.

ముందు మాట సంగతి. రెసిలియెన్స్ అంటే 'తట్టుకునే శక్తి' అని రాసేస్తుంటారు. తట్టుకోవడమంటే దెబ్బ పడుతున్నంతసేపూ పళ్ళు బిగపట్టుకుని కూర్చోవడం, అది మన పిల్లలకు ఇప్పటికే బాగా వచ్చు. మనకు కావలసినది తేరుకోవడం. ఇంటర్వెల్‌లో గ్రౌండ్‌లో పడ్డ పిల్లాడిని చూడండి, మోకాలి మట్టి దులుపుకుంటాడు, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ పరుగే. అదే పిల్లాడు స్లిప్ టెస్ట్‌లో పదికి మూడొస్తే మూడు రోజులు తలెత్తడు. తేడా ఎక్కడుందంటే, గ్రౌండ్‌లో వాడు పడ్డాక కూడా ఆట నడుస్తూనే ఉంది, తరగతిలో మార్కు వేయగానే ఆట అయిపోయింది, మర్నాడు కొత్త చాప్టర్. లేచినా చేసేదేమీ లేనప్పుడు ఎవడు లేస్తాడు? అందుకే ధైర్యం గురించి ఎంత చెప్పినా అది పిల్లల చెవిదాకానే వెళ్తుంది. తప్పు చేశాక మళ్ళీ చేసే అవకాశం టైమ్‌టేబుల్లో ఉంటే మాత్రం అలవాటవుతుంది. కింద చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే, జూన్‌లో స్కూళ్ళు తెరిచాక మొదలుపెడితే దసరా సెలవుల నాటికి ఒక దారికొస్తాయి.

మొదలుపెట్టే ముందు

తరగతిలో కర్ర ఉంటే ఇదంతా దండగ. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది, అందరి ముందు 'నీకు బుర్ర లేదు' అనడం కూడా ఆ కోవలోకే వస్తుంది. 'మేం దెబ్బలు తినే పైకొచ్చాం' అనేవాళ్ళుంటారు స్టాఫ్ రూమ్‌లో. పైకి రానివాళ్ళు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని చెప్పలేరు కదా.

ఇంకొకటి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త తన సహచరులతో కలిసి దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల జబ్బుల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో పదేపదే కనిపించిన విషయం, తమను వదలకుండా పట్టించుకున్న పెద్దవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉండటం. అమ్మానాన్నలే కానక్కర్లేదు, అమ్మమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు. నలభైమందికీ ఆ ఒక్కరు మీరే కాలేరు. కానీ ఎవరికి ఎవరూ లేరో మాత్రం తెలుసుకోవాలి. అది రెండో వారంలోపే తెలుస్తుంది, డైరీలో సంతకం ఎవరు పెడుతున్నారో చూస్తే సగం తెలుస్తుంది.

మొదటి అడుగు: వారం పాటు ఏమీ చేయకుండా చూడండి

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజుకు ఏడెనిమిది మందిని ఎంచుకుని ఒక్కటే గమనించండి, తప్పు చేశానని తెలిశాక మొదటి రెండు నిమిషాలు ఈ పిల్ల ఏం చేస్తోంది? నా బుక్కులో ఉన్నవి ఇలాంటివి: పేజీ చింపేస్తాడు. పక్కవాడి నోటు చూస్తాడు. 'వాష్‌రూమ్ మేడమ్' అంటుంది. నవ్వేస్తాడు, తర్వాత ఏ పనీ చేయడు. రబ్బరుతో రుద్దుతుంది.

ఆ చివరి అమ్మాయిని కాస్త దగ్గరగా చూశాను. జవాబు తప్పయితే జవాబొక్కటీ చెరిపి ఊరుకోదు, లెక్క మొత్తం చెరుపుతుంది, తర్వాత లెక్క నంబరు కూడా, ఆఖరికి మార్జిన్ గీత కూడా. కాగితం పల్చబడి కింది పేజీ కనిపించేదాకా రుద్ది, నల్లటి రబ్బరు పొడిని అరచేత్తో ఒడిలోకి లాక్కుంటుంది, కిందపడితే ఎవరైనా చూస్తారని. పక్కనున్న పాపకు కూడా ఆమె తప్పు చేసిందని తెలియదు. నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? అసలు తప్పెక్కడుందో చూద్దామంటే అక్కడ చిల్లు ఉంది. ఆ వారం నుంచే నా క్లాసులో రబ్బర్లు బంద్. తప్పు మీద ఒక సన్నటి గీత గీసి కిందే మళ్ళీ చేయాలి. నోట్సు నీట్‌గా లేదని ఇద్దరు తల్లులు అడిగారు, అడగనివ్వండి.

రెండో అడుగు: నవ్వు ఆపండి, మీ తప్పు చూపించండి

ఒకడు తప్పు చెప్పగానే తరగతి మొత్తం 'ఓఓఓ' అని లేస్తుంది చూడండి, అది ఒక్కసారి జరిగితే ఆ పిల్లాడు నెల రోజులు చెయ్యెత్తడు. 'నవ్వకండి' అంటే ఆగదు. నేను చేసిందేంటంటే, తప్పు జవాబు ఎవరిచ్చినా దాన్ని బోర్డు మీద రాసి, 'ఈ జవాబు ఎలా వచ్చుంటుంది?' అని అడగడం. చెప్పినవాడిని కాదు, మిగతా అందర్నీ. ఇప్పుడు తప్పు ఒక పొడుపుకథ అయింది, నవ్వేవాళ్ళు విప్పే పనిలో పడతారు. రెండు మూడు వారాలు పడుతుంది.

మీరు బోర్డు మీద తప్పు చేసినప్పుడు గబుక్కున డస్టర్‌తో తుడిచేయకండి. 'ఆగండాగండి, ఇక్కడ మైనస్ మర్చిపోయా, మళ్ళీ చూస్తా' అని పైకే అనండి. కావాలని నాటకం మాత్రం ఆడొద్దు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. నిజం తప్పులే కావలసినన్ని చేస్తాం.

నా సంగతి కూడా చెప్పాలి. వెనక పనిచేసిన స్కూల్లో నేను మార్కులు పై నుంచి కిందికి చదివేదాన్ని, పదికి పది నుంచి మొదలుపెట్టి ఆఖరి పేరు దాకా. పోటీ పెరుగుతుందనుకున్నా. ఒకసారి ఆఖరి పేరు వచ్చిన అమ్మాయి నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు వాళ్ళ నానమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, 'జర దీని పేరు సదవకుండ్రి మేడమ్' అంది. కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత నేను మార్కులు అందరి ముందు చదవలేదు.

మూడో అడుగు: 'రాదు' అనే మాటను పట్టుకోండి

మన భాషలో ఇది చాలా బాగా కుదురుతుంది, ఇంగ్లీషు మీడియం క్లాసైనా సరే ఈ సంగతి తెలుగులోనే మాట్లాడండి. 'నాకు లెక్కలు రాదు మేడమ్' అంటారు పిల్లలు. 'రావు' అనాలని దిద్దకండి, అసలు గొడవ అక్కడ లేదు. 'రాదు' అంటే ఇవాళా రాదు, రేపూ రాదు, ఎల్లుండీ రాదు, ఆ ఒక్క మాటలో వాడు తన భవిష్యత్తుకు కూడా తలుపేసేశాడు. 'రాలేదు' అంటే ఇవాళ్టిదాకానే లెక్క. మన తెలంగాణ పిల్లలు అనే 'వస్తలేదు' ఇంకా మేలు, అందులో ప్రయత్నం నడుస్తూనే ఉంది. కాబట్టి ఎవరైనా 'రాదు' అంటే నేను ఏమీ ఉపదేశించను, 'రాదా, వస్తలేదా?' అని అడుగుతా. 'వస్తలేదు మేడమ్.' 'ఎక్కడిదాకా వచ్చి ఆగింది?' ఇప్పుడు వేలు పెట్టి చూపించక తప్పదు. రెండు నెలలకు పిల్లలే ఒకరినొకరు అడగడం మొదలుపెడతారు, కొందరు వెక్కిరింపుగానే అనుకోండి, అయినా పని జరుగుతుంది.

పొగడ్త కూడా చూసి వాడాలి. క్లాడియా మ్యూలర్, కేరల్ డ్వెక్ అనే మనస్తత్వవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాలు అమెరికాలో ఐదో తరగతి పిల్లల మీద చేసినవి. ఆకారాల వరసలో లోపించినదేదో కనిపెట్టే పజిల్స్ ఇచ్చి, బాగా చేశాక కొందరిని 'నువ్వు తెలివైనవాడివి' అన్నారు, కొందరిని 'బాగా కష్టపడ్డావు' అన్నారు. తర్వాత కఠినమైన పజిల్స్ ఇస్తే తెలివైనవాళ్ళనిపించుకున్న పిల్లలే త్వరగా డీలా పడ్డారు, తమ స్కోరు రాయమంటే వాళ్ళలో దాదాపు 40 శాతం మంది ఎక్కువేసి రాసుకున్నారు. తెలివైనవాడన్న పేరు నిలబెట్టుకోవాలి కదా పాపం.

అలాగని ఊరికే 'కష్టపడ్డావ్, శభాష్' అన్నా లాభం లేదు. జవాబు తప్పైనవాడితో అలా అంటే ఓదార్పులా వినిపిస్తుంది, పిల్లలకు ఓదార్పు వాసన తెలుసు. చేసింది చూసి చెప్పండి: 'మూడో లైన్ దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి చూశావు, అందుకే దొరికింది.'

నాలుగో అడుగు: రెండో ఛాన్సు (ఇదొక్కటి చేసినా చాలు)

శుక్రవారం స్లిప్ టెస్ట్, ఐదు లెక్కలు, పది మార్కులు. నేను దిద్దేటప్పుడు ఇంటూలు పెట్టను. లెక్క ఏ లైన్లో దారి తప్పిందో ఆ లైన్ పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క. మార్కులు నా రిజిస్టర్లో ఉంటాయి, పేపర్ మీద ఉండవు. ఇది ముఖ్యం, ఎందుకంటే అంకె కనిపించగానే పిల్లలు ఇంకేమీ చూడరు, నీకెన్ని నాకెన్ని మొదలవుతుంది. సోమవారం పేపర్లిచ్చి పన్నెండు నిమిషాల టైమిస్తా. చుక్క దగ్గర ఏం జరిగిందో ఒక్క వాక్యం రాయాలి, కింద లెక్క మళ్ళీ చేయాలి. పోయిన మార్కుల్లో సగం తిరిగొస్తాయి. నాలుగొచ్చినవాడు అన్నీ సరిచేస్తే ఏడు అవుతుంది. మొత్తం ఎందుకివ్వనంటే, మొదట్లో ఇచ్చి చూశా, మొదటిసారే బాగా రాసినవాళ్ళు 'అయితే మేమెందుకు చదవాలి' అని నిలదీశారు, న్యాయమే కదా. సగం అని తేల్చింది వాళ్ళే. మంగళవారం మార్కులు ఎవరి పేపర్ మీద వాళ్ళకు. అన్నీ కరెక్ట్ చేసినవాళ్ళు ఆ పన్నెండు నిమిషాల్లో మరో లెక్కను రెండో పద్ధతిలో చేస్తారు.

ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తా. మూడో బెంచీ పిల్లాడు, 1/2 + 1/3 చేయమంటే 2/5 అని రాశాడు. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడేశాడు. చుక్క పెట్టా. సోమవారం పేపర్ చూసి, చుక్క చూసి, 'కూడిక కరెక్టే కదా మేడమ్' అన్నాడు. ఎల్‌సీఎం మళ్ళీ చెప్పడం నాకు రెండు నిమిషాల పని. చెప్పలేదు.

'సగం రొట్టె తిన్నావు. ఇంకా ఆకలేసింది, ఇంకో మూడోవంతు తిన్నావు. మొత్తం సగం కంటే ఎక్కువా, తక్కువా?'

'ఎక్కువ.'

'ఐదు ముక్కల్లో రెండు ముక్కలంటే సగం కంటే ఎక్కువా?'

పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. పేపర్ వెనకవైపు ఒక గుండ్రం గీశాడు, దాన్ని ఐదు ముక్కలు చేయబోయి కుదరక కొట్టేసి పొడవాటి డబ్బా గీశాడు, ఐదు గళ్ళు, రెండింటికి రంగేశాడు. కాసేపు చూశాడు. 'అరె... తిన్నాక తగ్గింది మేడమ్.' ఆ 'అరె' కోసమే పన్నెండు నిమిషాలు. వాక్యం దగ్గర రాసుకున్నాడు: 'ముక్కల సైజు వేరే ఉన్నా కలిపేసిన.' టెక్స్ట్‌బుక్ కంటే బాగా రాశాడు.

చిక్కులున్నాయి, దాచను. పక్కవాడిది చూసి దింపేస్తారు. అందుకే ఆ ఒక్క వాక్యం పెట్టింది, సొంత మాటల్లో లేకపోతే సగం మార్కులు రావు. 'సిల్లీ మిస్టేక్' అని రాస్తే ఒప్పుకోను, ఆ మాట నా క్లాసులో నిషేధం. హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లోనూ వినపడే మాట అది, 'వీడికన్నీ వచ్చు, సిల్లీ మిస్టేక్స్ అంతే', దాని చాటున ఎంత దాక్కోవచ్చో పిల్లలకు బాగా తెలుసు. దిద్దే పని పెరుగుతుంది కూడా. 43 పేపర్లలో చుక్కలు పెట్టడానికి నాకు గంటకు పైనే పడుతుంది. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు ఎక్కించే వారాల్లో కుదరదు, అప్పుడు ఐదింట్లో రెండు లెక్కలకే చుక్కలు పెడతా. మేనేజ్‌మెంట్ ఒప్పుకోకపోతే మార్కుల జోలికి పోకుండా వాక్యం, మళ్ళీ చేయడం, ఈ రెండే ఉంచండి. కొంచెం బలం తగ్గుతుంది, అయినా నడుస్తుంది.

ఐదో అడుగు: వారానికొక గట్టి లెక్క

బుధవారం పీరియడ్ మొదట్లో ఎవరికీ వెంటనే రాని లెక్క ఒకటి. ఎలా చేయాలో ముందు చెప్పకూడదు. పది నిమిషాలు తంటాలు పడనిచ్చి, వాళ్ళు పట్టుకున్న దారులన్నీ బోర్డు మీదికి ఎక్కించి, అప్పుడు పాఠం చెప్పాలి. మను కపూర్ అనే పరిశోధకుడు ఈ వరసనే ప్రొడక్టివ్ ఫెయిల్యూర్ పేరుతో చాలా ఏళ్ళుగా పరిశీలిస్తున్నారు, ముందు తడబడి తర్వాత విన్న పాఠం బాగా అర్థమవుతుందని చూపించారు.

ఆ పది నిమిషాల్లో ఒక నియమం: ముందు నీ నోటు, తర్వాత టెక్స్ట్‌బుక్, తర్వాత పక్కవాడు, ఆఖర్న నేను. చెయ్యెత్తి పిలిస్తే 'ఎన్నో మెట్టు మీదున్నావు?' అని మాత్రం అడుగుతా. అడగడం తప్పు కాదని కూడా ఇక్కడే తెలుస్తుంది, తేరుకోవడంలో సగం భాగం సరైన మనిషిని సరైన సమయంలో అడగడమే.

ఒక్క హెచ్చరిక. ఏ లెక్కా చేయలేక, నెలల తరబడి అన్నిట్లోనూ ఓడిపోతున్న పిల్లకు గట్టి లెక్క ఇస్తే అది ఇంకో దెబ్బ. ఆమెకు మూడో తరగతి స్థాయిలో తను కచ్చితంగా చేయగలిగినది ముందు ఇవ్వాలి. నాలుగు గెలుపులు చేతిలో ఉంటే ఐదోది ఓడిపోవడానికి ధైర్యం వస్తుంది.

ఆరో అడుగు: కథ చెప్తే మధ్యలో ఆపండి

ఓడి గెలిచినవాళ్ళ కథలు అసెంబ్లీలో రోజూ వింటారు, గెలుపు ముందే తెలుసు కాబట్టి ఓటమి ఉన్న భాగం ఎవరూ వినరు. నేను 2025 ఓవల్ టెస్టును నాలుగో రోజు సాయంత్రం దగ్గర ఆపాను. మన ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో పెరిగిన, ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్, హ్యారీ బ్రూక్ 19 మీదున్నప్పుడు క్యాచ్ పట్టి బౌండరీ తాడును తొక్కాడు. ఔట్ కావలసింది సిక్స్ అయింది, బ్రూక్ 111 కొట్టాడు. అంతకు మూడు వారాల ముందే లార్డ్స్‌లో 22 పరుగుల తేడాతో మనం ఓడిన మ్యాచ్‌లో ఆఖర్న ఔటైంది కూడా ఇతనే. ఇప్పుడు చెప్పండి, ఆ రాత్రి హోటల్ గదిలో ఏం చేసుంటాడు?

'ఏడ్చుంటాడు.' 'ఫోన్ ఆఫ్ చేసుంటాడు, అందరూ తిడతారని.' 'పండుకుంటాడు మేడమ్, పొద్దున బౌలింగ్ ఉంది కదా.' ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం, ఒక్కొక్కళ్ళు తమ ఇంట్లో ఏం చేస్తారో కూడా చెప్పేశారు, నేనడగలేదు. తర్వాత మిగతాది చెప్పా: పొద్దున లేచి 'బిలీవ్' అని ఉన్న ఫొటో గూగుల్లో వెతికి వాల్‌పేపర్‌గా పెట్టుకున్నానని ఆయనే చెప్పాడు, ఆఖరి వికెట్ తీశాడు, ఆరు పరుగులతో గెలిచాం. పీవీ సింధు అయితే అంకెలు చాలు. 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ రెండూ ఓడింది. 2017లో ఒకుహారాతో 110 నిమిషాలు ఆడి ఓడింది, 2019 ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించింది. మధ్యలో రెండేళ్ళు గచ్చిబౌలి కోర్టులో ఏం జరిగుంటుందో వాళ్ళనే ఊహించమనండి.

ఏడో అడుగు: పరీక్షలో బుర్ర ఖాళీ అయితే

చిన్నది, త్వరగా చెప్తా. పెన్ను కింద పెట్టాలి, పాదాలు నేలకు ఆనించాలి, ఊపిరి నెమ్మదిగా వదలాలి, పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా, నాలుగైదుసార్లు. తర్వాత పేపర్లో ఏది తేలికో అది ముందు. దీన్ని పరీక్ష రోజు చెప్తే పని చేయదు, మామూలు రోజుల్లో స్లిప్ టెస్ట్‌కు ముందు అలవాటు చేయాలి.

ఎనిమిదో అడుగు: పేరెంట్స్ మీటింగ్

క్యాబ్ పక్కనపెట్టి పది నిమిషాలు వచ్చిన నాన్నకు మనస్తత్వశాస్త్రం చెప్పకండి. మొదటి ప్రశ్న తెలిసిందే: 'క్లాసులో హైయెస్ట్ ఎంత మేడమ్?' నేను శుక్రవారం పేపర్, సోమవారం సరిచేసింది రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తా. ఒక్కటే అడుగుతా, 'సాయంత్రం ఇంటికి రాగానే ఎన్నొచ్చాయని అడక్కండి అన్నా, ఇవాళ ఏది సరిచేసుకున్నావని అడగండి.' పదిమందిలో నలుగురైనా అడుగుతారు. ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామా అని ఆరో తరగతికే అడిగేవాళ్ళతో వాదించి లాభం లేదు, చెరిపి చెరిపి చిల్లుపడ్డ ఆ పేజీ చూపించాను ఒకాయనకు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇది పనికిరాని చోటు

అన్నిటికీ తేరుకోమని చెప్పకూడదు. ఒకడిని వ్యాన్‌లో రోజూ ఏడిపిస్తుంటే వాడికి ధైర్యం నేర్పడం కాదు పని, ఏడిపించేవాళ్ళను ఆపడం. ఆకలితో వచ్చే పిల్లకు ముందు అన్నం. వారాల తరబడి ఎవరితోనూ మాట్లాడకపోవడం, నిద్ర లేని కళ్ళు, ఇష్టమైన ఆట కూడా వదిలేయడం, 'నేను లేకపోతే బాగుండు' లాంటి మాట సరదాకన్నా సరే అనడం, ఇవి కనిపిస్తే స్లిప్ టెస్ట్ చిట్కాలతో సరిపెట్టకండి. పక్కకు తీసుకెళ్ళి నిదానంగా అడగండి, ఒంటరిగా వదలకండి, 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకండి, అదే రోజు హెడ్‌మాస్టరుకూ ఇంటివాళ్ళకూ తెలియజేయండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లోనే ప్రమాదం ఉందనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ఈ రెండు నంబర్లు నా క్లాసులో బ్లాక్‌బోర్డు పక్కన టైమ్‌టేబుల్ కిందే అంటించి ఉంటాయి, ఎవరూ అడగకుండా చూసుకునేలా.

డిసెంబరులో మళ్ళీ ఆ నోటుబుక్కు

జూన్‌లో రాసిన పేర్ల పక్కనే మళ్ళీ వారం పాటు అదే గమనించండి, తప్పు తెలిశాక మొదటి రెండు నిమిషాలు. మార్కులు పెరిగాయా అన్నది ఇప్పుడే చూడకండి, ముందు మారేది ఇది. రబ్బరు అమ్మాయి పక్కన ఈసారి నేను రాసుకున్నది: 'గీత కొట్టింది. కింద మళ్ళీ చేసింది. అదీ తప్పే. పక్కపాపను అడిగింది.' వాష్‌రూమ్‌కు వెళ్ళే అమ్మాయి ఇప్పటికీ వెళ్తోంది, కాకపోతే తొందరగా వస్తోంది. నవ్వేసి ఊరుకునే పిల్లాడిలో ఏ మార్పూ లేదు. అలా ఏ మార్పూ లేని పేర్లు ఏడెనిమిది ఉంటాయి, వాటి కింద గీత గీసి పెట్టుకున్నా. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి రెండు వారాలూ నేను నిలబడేది వాళ్ళ బెంచీల దగ్గరే.